ఎర్రర్ వచ్చిందా? అయితే మీరు అదృష్టవంతులే!

రేపు ప్రాజెక్ట్ డెమో. రాత్రి పదకొండు దాటింది. మీ జావాస్క్రిప్ట్ ప్రోగ్రామ్ రన్ చేస్తే కన్సోల్‌లో ఎర్రగా ఒక లైన్ వచ్చింది. ఫైల్‌లో అన్నిటికంటే పైన "యూజ్ స్ట్రిక్ట్" అని ఒక లైన్ ఉంది. దాన్ని తీసేసి చూస్తే ఎర్రర్ మాయం! ప్రోగ్రామ్ చక్కగా నడుస్తోంది. ఇప్పుడు మీరేం చేస్తారు?

నిజం చెప్పండి, తీసేసి పడుకుంటారు. నేనూ అదే చేశాను. కాకపోతే నేను చేసింది కాలేజీలో కాదు, ఉద్యోగంలో చేరిన మూడో నెలలో.

అదొక చిన్న కంపెనీ. ఫీజులు కట్టే ఒక సైట్‌కి నోడ్‌లో సర్వర్ కోడ్ రాసే టీమ్‌లో నన్ను వేశారు. లాగిన్ అయినవాళ్ల వివరాలు డేటాబేస్ నుంచి తెచ్చి రసీదు తయారుచేసే ఫంక్షన్ నా వంతు. అందులో 'యూజర్' అనే వేరియబుల్ వాడాను. దాని ముందు లెట్ గానీ, కాన్‌స్ట్ గానీ పెట్టడం మర్చిపోయాను. స్ట్రిక్ట్ మోడ్ ఒప్పుకోలేదు. డెమో టైమ్ దగ్గరపడుతోంది. ఆ లైన్ తీసేశాను. ఒక్కడినే కూర్చొని పదిసార్లు టెస్ట్ చేస్తే పదిసార్లూ సరైన రసీదే వచ్చింది. డెమోలో చప్పట్లు కూడా కొట్టారు.

సైట్ లైవ్‌కి వెళ్లాక అసలు సంగతి బయటపడింది. ఇద్దరు ఒకేసారి ఫీజు కడితే, ఒకరి రసీదు మీద ఇంకొకరి పేరు, ఫోన్ నంబర్ వచ్చాయి.

కారణం చాలా చిన్నది. జావాస్క్రిప్ట్ మామూలు మోడ్‌లో డిక్లేర్ చేయని వేరియబుల్‌కి విలువ ఇస్తే, భాష దాన్ని గ్లోబల్ వేరియబుల్ చేసేస్తుంది. అంటే సర్వర్ మొత్తానికి ఒక్కటే 'యూజర్'. మొదటి మనిషి రిక్వెస్ట్ డేటాబేస్ జవాబు కోసం ఆగి ఉన్నప్పుడు రెండో మనిషి వచ్చాడు. అదే వేరియబుల్‌లో అతని వివరాలు పడ్డాయి. మొదటి రిక్వెస్ట్ మళ్లీ కదిలి రసీదు రాసేసరికి అక్కడున్నది రెండో మనిషి పేరు! టిఫిన్ సెంటర్‌లో అన్ని టేబుళ్ల ఆర్డర్లూ ఒకే చీటీ మీద చెరిపి చెరిపి రాసినట్టన్నమాట. ఒక్కరే ఉన్నంతసేపూ ఇబ్బంది లేదు. రద్దీ పెరిగితే మీ దోసె పక్క టేబుల్‌కి పోతుంది. నేను ఒక్కడినే టెస్ట్ చేశాను కాబట్టి నాకు పట్టుబడలేదు.

ఆ రాత్రి మా టీమ్ లీడ్ తిట్టలేదు. పాత ఫైల్, కొత్త ఫైల్ పక్కపక్కన పెట్టి నేను తీసేసిన లైన్ చూపించి, "తమ్ముడూ, ఎర్రర్ ఎందుకొచ్చిందో చూశావా? ఎలా పోతుందో చూశావా?" అని అడిగారు. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఉద్యోగ ప్రయత్నాల్లో ఉన్న మీకు ఆ ప్రశ్నే ఇవాళ నేను అప్పజెబుతున్నాను.

నోరు మెదపని భాష

జావాస్క్రిప్ట్‌ని 1995 మే నెలలో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తయారుచేశారు. ప్రోగ్రామింగ్ పెద్దగా రానివాళ్లు కూడా వెబ్ పేజీల్లో నాలుగు లైన్లు రాసుకోగలగాలన్నది అప్పటి ఉద్దేశం. అందుకే అది చాలా సర్దుకుపోయే భాష. మీరు తప్పు రాసినా ఏదో ఒక అర్థం తీసుకుని ముందుకు వెళ్లిపోతుంది. నేర్చుకునే మొదటి వారంలో ఈ గుణం ముద్దొస్తుంది. ఉద్యోగంలో మాత్రం ఇదే కొంప ముంచుతుంది.

ఒక ఉదాహరణ చూడండి. మార్కులు కూడే ప్రోగ్రామ్ రాస్తున్నారు. 'టోటల్' అనే వేరియబుల్ డిక్లేర్ చేసి సున్నా పెట్టారు. లూప్ లోపల మాత్రం తొందరలో 'టోటెల్ ఈక్వల్స్ టోటల్ ప్లస్ మార్క్' అని కొట్టారు. ఒక్క అక్షరమే తేడా. మామూలు మోడ్‌లో ఎర్రర్ రాదు. 'టోటెల్' పేరుతో ఇంకో గ్లోబల్ వేరియబుల్ పుడుతుంది. 'టోటల్' సున్నాగానే ఉండిపోతుంది. క్లాస్ టాపర్‌కీ సున్నా, చివరి బెంచీకీ సున్నా! మీరేమో లూప్ తప్పా, డేటా తప్పా అని రెండు గంటలు వెతుకుతారు. స్ట్రిక్ట్ మోడ్ ఉంటే 'టోటెల్ డిఫైన్ చేయలేదు' అంటూ లైన్ నంబర్‌తో సహా రిఫరెన్స్ ఎర్రర్ వచ్చేది. అర నిమిషం పని.

ఇంకోటి ఇంతకంటే ప్రమాదకరం. విద్యార్థుల జాబితా మీద ఒక లూప్. ఆ లూప్ లోంచి, ఆరు సబ్జెక్టుల మార్కులు చూసే ఇంకో ఫంక్షన్‌ని పిలుస్తున్నారు. దాంట్లోనూ ఒక లూప్ ఉంది. రెండు చోట్లా 'ఐ' వాడారు, రెండు చోట్లా డిక్లేర్ చేయలేదు. అంటే రెండు లూపులూ ఒకే గ్లోబల్ 'ఐ'ని పంచుకుంటున్నాయి. లోపలి లూప్ ముగిసేసరికి 'ఐ' విలువ 6, బయటి లూప్ దానికి ఒకటి కలిపితే 7. ఐదుగురు విద్యార్థులతో టెస్ట్ చేస్తే మొదటివాడితోనే ప్రోగ్రామ్ ఆగిపోతుంది. అరవై మందితో నడిపితే మళ్లీ 6, మళ్లీ 7, మళ్లీ 6, మళ్లీ 7... బ్రౌజర్ బిగుసుకుపోతుంది. ఒకే తప్పు రెండు వేషాల్లో కనిపిస్తుంది. కారణం తెలియనివాడు దీన్ని రెండు బగ్గులనుకుని రెండు రోజులు తిరుగుతాడు.

040 ఎందుకు 32 అయింది?

హైదరాబాద్ ఎస్‌టీడీ కోడ్ 040. దాన్ని కొటేషన్లు లేకుండా నంబర్‌గా ఒక వేరియబుల్‌లో పెట్టి ప్రింట్ చేయండి. మామూలు మోడ్‌లో 32 వస్తుంది! ముందు సున్నా ఉంటే జావాస్క్రిప్ట్ ఆ సంఖ్యని ఆక్టల్ అనుకుంటుంది. అంటే ఎనిమిది ఆధారంగా లెక్కపెడుతుంది. నాలుగు ఎనిమిదులు ముప్పై రెండు.

సరే, ఇక విజయవాడ కోడ్ 0866 పెట్టి చూడండి. ఈసారి 866 వస్తుంది. ఆక్టల్‌లో 8 అనే అంకె ఉండదు కాబట్టి, 'ఇది మామూలు సంఖ్యే అయి ఉంటుందిలే' అని భాష తనే సర్దుకుంటుంది. ఒకే రకం ఇన్‌పుట్‌కి ఒక ఊరికి ఒక రూల్, ఇంకో ఊరికి ఇంకో రూల్. స్ట్రిక్ట్ మోడ్‌లో రెండిటికీ సింటాక్స్ ఎర్రర్ వస్తుంది, ప్రోగ్రామ్ మొదలే కాదు. అప్పుడు మీకు అసలు పాఠం తడుతుంది: ఫోన్ కోడ్ కూడికలు, తీసివేతలు చేసే సంఖ్య కాదు, దాన్ని స్ట్రింగ్‌గా దాచాలి.

ఇలాంటివే మరికొన్ని ఉన్నాయి. మార్చకూడదని ఫ్రీజ్ చేసిన ఆబ్జెక్ట్‌లో విలువ మార్చబోతే మామూలు మోడ్ కిక్కురుమనదు. మార్చదు, మార్చలేదని చెప్పదు. స్ట్రిక్ట్ మోడ్ టైప్ ఎర్రర్ ఇస్తుంది. ఒక ఫంక్షన్‌లో రెండు పారామీటర్లకి పొరపాటున ఒకే పేరు పెడితే మామూలు మోడ్ చివరిదాన్నే లెక్కలోకి తీసుకుంటుంది, స్ట్రిక్ట్ మోడ్ ఒప్పుకోదు. 'విత్' స్టేట్‌మెంట్‌ని అయితే పూర్తిగా నిషేధించింది.

ఆ లైన్ కొటేషన్లలో ఎందుకుంది?

ఇది ఎప్పుడైనా ఆలోచించారా? ఈఎస్ 5గా పిలిచే ఎక్మాస్క్రిప్ట్ ఐదో ఎడిషన్ 2009 డిసెంబర్‌లో వచ్చింది. స్ట్రిక్ట్ మోడ్ అందులోనే మొదలైంది. అప్పటికే వెబ్ నిండా పాత కోడ్ ఉంది. రూల్స్ అందరికీ ఒకేసారి బిగిస్తే ఎన్నో సైట్లు పనిచేయకుండా పోతాయి. అందుకని 'కావాలన్నవాళ్లు అడిగి తెచ్చుకోండి' అన్నారు. అడగడానికి కొత్త కీవర్డ్ పెడితే పాత బ్రౌజర్లు తికమకపడతాయి. కాబట్టి కొటేషన్లలో ఒక మామూలు స్ట్రింగ్ పెట్టారు. తెలిసిన బ్రౌజర్ పాటిస్తుంది. తెలియనిది 'ఏదో స్ట్రింగ్' అనుకుని దాటిపోతుంది. పాతవాళ్లని ఇబ్బంది పెట్టకుండా కొత్త క్రమశిక్షణ తేవడం ఎలాగో చెప్పమంటే నేను ఈ ఉదాహరణే చెబుతాను.

దీంట్లో ఒక తిరకాసు కూడా ఉంది. ఆ లైన్ ఫైల్‌లో గానీ, ఫంక్షన్‌లో గానీ మొట్టమొదటి స్టేట్‌మెంట్ అయి ఉండాలి. దానికి పైన కామెంట్లు ఉండొచ్చు, కోడ్ ఉండకూడదు. రెండో లైన్‌లో పెట్టారనుకోండి, అది ఉత్త స్ట్రింగే. స్పెల్లింగ్ తప్పు కొట్టినా అంతే. తప్పులు పట్టమని పిలిచిన లైన్‌లోనే తప్పు రాస్తే దాన్ని పట్టేవాళ్లు లేరు! అందుకే అది నిజంగా పనిచేస్తోందో లేదో చూసుకోండి. ఒక మామూలు ఫంక్షన్ రాసి 'దిస్' విలువ ప్రింట్ చేయండి. అన్‌డిఫైన్డ్ అని వస్తే స్ట్రిక్ట్ మోడ్‌లో ఉన్నట్టు. గ్లోబల్ ఆబ్జెక్ట్ కనిపిస్తే లేనట్టు.

'ఇప్పుడు దాని అవసరం ఏముంది?'

మీలో చురుకైనవాళ్లు ఈపాటికే అడగబోతున్నారు: "ఈఎస్ మాడ్యూళ్లలో, క్లాసుల్లో స్ట్రిక్ట్ మోడ్ దానంతటదే ఉంటుంది కదా, ఇంకా దీని గోల ఎందుకు?" మంచి ప్రశ్న. 2015లో వచ్చిన ఈఎస్ 6 నుంచి అది నిజమే. ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ వాడే ఫైల్‌లో ఆ లైన్ విడిగా రాయక్కర్లేదు.

కానీ మీకు దొరికే మొదటి ఉద్యోగంలో అంతా కొత్త కోడే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వరు. చాలామంది ఫ్రెషర్లకి మొదట చేతికొచ్చేది ఎవరో ఎప్పుడో రాసి వదిలేసిన ప్రాజెక్టే. మామూలు స్క్రిప్ట్ ట్యాగ్‌లో రాసిన కోడ్‌కి స్ట్రిక్ట్ మోడ్ తనంతట రాదు. నోడ్‌లో పాత పద్ధతిలో 'రిక్వైర్' వాడే కామన్ జేఎస్ ఫైళ్లకీ రాదు. నేను దెబ్బతిన్నది అక్కడే. మీరు ప్రాక్టీస్ చేసే బ్రౌజర్ కన్సోల్‌లో కూడా అంతే. ఒకసారి ఆ లైన్ కొట్టి ఎంటర్ నొక్కితే, తర్వాత విడిగా కొట్టే లైన్లకి అది వర్తించదు.

తనంతట వచ్చినప్పుడు కూడా అది వచ్చిందని తెలియకపోతే ఇంకో చిక్కు. రియాక్ట్‌లో క్లాస్ కాంపోనెంట్ రాసి, బటన్‌కి ఒక మెథడ్ ఇచ్చి నొక్కితే 'దిస్ అన్‌డిఫైన్డ్' అన్న ఎర్రర్ చూసే ఉంటారు. 'బైండ్ చేస్తే పోతుంది' అని అందరూ చెబుతారు. ఎందుకు పోతుందో చెప్పేవాళ్లు తక్కువ. క్లాస్ లోపలి కోడ్ ఎప్పుడూ స్ట్రిక్ట్ మోడ్‌లోనే ఉంటుంది. ఆబ్జెక్ట్ నుంచి విడదీసి పిలిచిన ఫంక్షన్‌కి స్ట్రిక్ట్ మోడ్‌లో 'దిస్' దొరకదు. మామూలు మోడ్‌లో అయితే గ్లోబల్ ఆబ్జెక్ట్‌ని చేతిలో పెట్టేసి ఊరుకునేది. మీరు దాంట్లో ఏదేదో రాసేసేవాళ్లు, తప్పు ఇంకెక్కడో తేలేది.

ఇంటర్వ్యూలో తేడా ఇక్కడే

"స్ట్రిక్ట్ మోడ్ అంటే ఏమిటి?" అని అడిగితే బట్టీ పట్టిన ఐదు పాయింట్లు చెప్పేవాళ్లు బోలెడుమంది. "డిక్లేర్ చేయని వేరియబుల్ గ్లోబల్ అయిపోతే సర్వర్‌లో ఒకరి డేటా ఇంకొకరికి వెళ్లొచ్చు, అందుకే అది కావాలి" అని చెప్పి చూడండి. ఎదుటివాళ్లు తల ఎత్తి చూస్తారు. ఆ జవాబులో మీరు కోడ్‌తో పాటు కోడ్ వాడే మనిషి గురించి కూడా ఆలోచించారు.

పేర్ల దగ్గర తడబడకండి. రియాక్ట్‌లో 'స్ట్రిక్ట్ మోడ్' అనే కాంపోనెంట్ ఒకటుంది. అది వేరు. డెవలప్‌మెంట్‌లో కాంపోనెంట్లని రెండుసార్లు రెండర్ చేసి దాగిన తప్పులు బయటపెట్టడం దాని పని. టైప్‌స్క్రిప్ట్‌లో 'స్ట్రిక్ట్' అనే సెట్టింగ్ ఇంకొకటి. అది టైపుల తనిఖీని గట్టిపరుస్తుంది. మై ఎస్‌క్యూఎల్‌లో కూడా స్ట్రిక్ట్ మోడ్ ఉంది. అది లేకపోతే, పది అక్షరాల కాలమ్‌లో పదిహేను అక్షరాల పేరు వేసినప్పుడు డేటాబేస్ ఒక వార్నింగ్ ఇచ్చి పేరు చివర కోసేసి దాచుకుంటుంది. 5.7 వెర్షన్ నుంచి అక్కడ స్ట్రిక్ట్ మోడ్ డిఫాల్ట్ అయింది. నాలుగూ నాలుగు వేర్వేరు సంగతులు. వెనకున్న ఆలోచన మాత్రం ఒకటే: తప్పుని మింగేయకు, వెంటనే చెప్పు.

మన చదువుల్లో ఈ అలవాటే తక్కువ. ల్యాబ్‌లో అవుట్‌పుట్ వచ్చిందా, రికార్డ్‌లో రాశామా, సంతకం పడిందా... అక్కడితో సరి. ఎర్రర్ వస్తే పక్కవాడి కోడ్ చూసి మార్చుకుంటాం. ఎర్రర్ ఎందుకొచ్చిందో వివరించినందుకు ఒక్క మార్కు వేసిన ల్యాబ్ ఎగ్జామ్ నేనైతే చూడలేదు. నా అభిప్రాయం ఏంటంటే, మార్కులు వేయాల్సింది దానికే. తప్పు ప్రోగ్రామ్ ఇచ్చి 'ఇది ఎందుకు ఆగింది?' అని అడిగే వైవా ఒక్కటి పెట్టినా మన పిల్లలు ఇంటర్వ్యూల్లో ఇంత తడబడరు. కాలేజీ పెట్టకపోతే మీ రూమ్మేట్‌తో మీరే పెట్టుకోండి.

ఇప్పుడు ఏఐ టూల్స్ కూడా వచ్చాయి. ఎర్రర్‌ని కాపీ చేసి అడిగితే చిటికెలో మార్చి ఇస్తాయి. వాడండి, తప్పులేదు. కానీ 'మార్చిపెట్టు' అనే ముందు 'ఎందుకొచ్చింది' అని అడగండి. టూల్ రాసిచ్చినా కమిట్ మీద ఉండేది మీ పేరే. రసీదు తప్పుగా వెళ్లినప్పుడు ఫోన్ వచ్చేది మీకే.

సర్వరోగ నివారిణి కాదు

స్ట్రిక్ట్ మోడ్ పెట్టేస్తే తప్పులన్నీ పోతాయని నేను చెప్పడం లేదు. ఆబ్జెక్ట్‌లో 'నేమ్' అనే ప్రాపర్టీ చదవబోయి స్పెల్లింగ్ తప్పితే అది అన్‌డిఫైన్డ్ ఇచ్చి ఊరుకుంటుంది, స్ట్రిక్ట్ మోడ్ కూడా అడగదు. రెండు ఈక్వల్స్‌తో పోల్చినప్పుడు సంఖ్యా, స్ట్రింగూ కలిసిపోయే గందరగోళం అలాగే ఉంటుంది. మీ లెక్కే తప్పయితే దానికి తెలియదు. వాటి కోసం ఈఎస్‌లింట్ లాంటి టూల్స్, టైప్‌స్క్రిప్ట్, టెస్టులు ఉన్నాయి.

పాత ప్రాజెక్ట్‌లో చేరిన మొదటిరోజే అన్ని ఫైళ్ల పైనా ఆ లైన్ పెట్టేయకండి. అన్నాళ్లుగా మౌనంగా ఉన్న తప్పులన్నీ ఒకేసారి అరుస్తాయి. నడుస్తున్న సైట్ ఆగిపోవచ్చు. ఫైళ్లన్నీ కలిపి ఒకటిగా చేసే పాత పద్ధతి ఉంటే ఇంకా జాగ్రత్త. మొదటి ఫైల్ పైనున్న లైన్ మిగతా కోడ్ మొత్తానికీ వర్తిస్తుంది. ఒక్కో ఫంక్షన్‌కి, ఒక్కో ఫైల్‌కి పెట్టుకుంటూ, టెస్ట్ చేసుకుంటూ వెళ్లాలి.

ఈ వారం ఒక పని

మీ సెకండియర్ మినీ ప్రాజెక్టో, గిట్‌హబ్‌లో పెట్టి రెజ్యూమెలో లింక్ ఇచ్చినదో ఏదైనా తీయండి. జావాస్క్రిప్ట్ ఫైల్ పైన ఆ ఒక్క లైన్ చేర్చి రన్ చేయండి. ఎర్రర్లు వస్తే కంగారుపడకండి. ఒక్కొక్కటీ చదవండి, కారణం ఒక నోట్‌బుక్‌లో మీ మాటల్లో రెండు లైన్లు రాసుకోండి, ఆ తర్వాతే సరిచేయండి. పది ఎర్రర్లు అలా రాసుకుంటే, 'మీ ప్రాజెక్ట్‌లో ఎదురైన సమస్య ఏంటి, ఎలా పరిష్కరించారు?' అన్న ఇంటర్వ్యూ ప్రశ్నకి కల్పించుకోవాల్సిన పనే ఉండదు.

నా తప్పుని సరిచేయడానికి పట్టింది ఒక్క పదం: వేరియబుల్ ముందు 'కాన్‌స్ట్'. ఆ పదం డెమో ముందురోజు పెట్టి ఉంటే అర నిమిషం. లైవ్‌కి వెళ్లాక పెట్టడానికి రాత్రంతా పట్టింది. తెల్లారాక, రసీదు తప్పుగా వెళ్లినవాళ్లకి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. వాళ్లలో ఒకావిడ, "బాబూ, నా నంబర్ ఎవరికి వెళ్లింది?" అని అడిగారు. ఆ మాట నాకింకా గుర్తుంది.

అందుకే చెబుతున్నా. ఎర్రర్ మీ కంప్యూటర్ మీద వచ్చిందంటే అది ఇంకా మీ గది దాటి బయటికి వెళ్లలేదన్నమాట. తీసేసే ముందు ఒక్కసారి చదవండి.